వాన పడిన మర్నాడు డాష్‌బోర్డు నిండా లైట్లు: పాత జర్మన్ సెడాన్‌తో ఎలా నెట్టుకురావాలి?

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మన్ సెడాన్ కొన్నాను. 2016 మోడల్, రెండు లీటర్ల టర్బో పెట్రోల్, ఆటోమేటిక్. కొన్నప్పుడు 74,000 తిరిగి ఉంది, ఇప్పుడు 81,000. నడుపుతుంటే మాత్రం మనసు నిండిపోతుంది. మొన్న అరకు వెళ్లొచ్చాం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో బండి రోడ్డును పట్టుకున్న తీరు చూసి వెనక సీట్లో ఉన్న మా నాన్నగారు "బాగుందిరా" అన్నారు. ఆయన నోట అంత తేలిగ్గా రాని మాట అది.

పెద్ద రిపేరు ఇంతవరకూ రాలేదు. చిన్నవే ఆగట్లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే కొన్నిసార్లు ఇంజిన్ నిమిషం పాటు వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైటు వస్తుంది, రెండు రోజులకు దానంతట అదే పోతుంది. వాన పడిన మర్నాడు ఏబీఎస్, స్టీరింగ్, పార్కింగ్ బ్రేక్ లైట్లు ఒకేసారి వెలుగుతాయి. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఉండవు. నెలన్నరకోసారి ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిందని మెసేజ్. టైరు గాలి లైటు సరేసరి. వెనక పార్కింగ్ సెన్సార్ ఏమీ లేకపోయినా కూస్తుంది.

గ్యారేజీకి వెళ్తే స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ రాసుకున్న తప్పు కోడ్ తుడిచేసి, డబ్బు తీసుకుని పంపేస్తున్నారు. ఇప్పటికి ఆరుసార్లు అయింది. మా ఆవిడ అమ్మేయమంటోంది. నాకు అమ్మాలని లేదు. ఇలాంటి బండితో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఎలా ఉంటున్నారో చెప్పండి.

గాజువాక నుంచి:

మీ ఆవిడ మాటే రైటు సార్. వారంటీ అయిపోయిన యూరోపియన్ బండి మనకెందుకు? జపాన్‌దో కొరియాదో తీసుకోండి, హాయిగా పడుకోవచ్చు.

ఎండాడ నుంచి:

గాజువాక మిత్రుడి మాట తప్పని అనను, కానీ మాస్టారు అడిగింది అది కాదు. ఇలాంటి బండే నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది. 1,34,000 దాటింది. ఇల్లు ఎండాడలో, రుషికొండ గాలి నేరుగా తగిలే వైపు. మీరు రాసిన అయిదూ నేను పడినవే. అయిదు లైట్లు వెలిగాయంటే అయిదు జబ్బులున్నట్టు కాదు. మీది చదువుతుంటే నాకు రెండు మూడు కారణాలే కనిపిస్తున్నాయి. వాటి జాడ చెప్పేది ఆ కోడ్‌లే. వాటినే ఆరుసార్లు తుడిపించేశారు.

ముందు కూలెంట్ చూడండి. మిగతావన్నీ విసిగిస్తాయి, ఇదొక్కటే ఇంజిన్‌ను తినేస్తుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మీద మట్టం ఎక్కడుందో మార్కర్ పెన్నుతో గీత పెట్టి తేదీ వేయండి. ఈ టర్బో ఇంజిన్లలో చాలావాటికి కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే పెట్టె, అంటే హౌసింగ్, వాటర్ పంపు ప్లాస్టిక్‌వి. వేడికి, చల్లదనానికి ఏళ్ల తరబడి సాగీ ముడుచుకునీ అతుకు దగ్గర సన్నగా కారతాయి. కారింది వేడి ఇంజిన్ మీద ఆవిరైపోతుంది కాబట్టి కింద నేల మీద చుక్క కూడా కనపడదు. టార్చి వేసి చూస్తే గులాబీ రంగో తెలుపో పొక్కు కట్టినట్టు ఉంటుంది, కొంచెం తీపి వాసన వస్తుంది. దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ చేయించండి. ట్యాంకు మూత బదులు చిన్న పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడికి గాలి కొట్టి, ముల్లు దిగుతోందా లేదా చూస్తారు. కుళాయి నీళ్లు మాత్రం పోయకండి. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, అంతే. వేడి మీద మూత తీయొద్దు. ఎర్ర టెంపరేచర్ లైటు వస్తే ఇల్లు ఎంత దగ్గరగా ఉన్నా పక్కకు ఆపేయాల్సిందే.

ఇక వాన మర్నాటి లైట్ల సంగతి. వీటిలో ముందుగా అనుమానించాల్సింది కరెంటుని. ఈ బండ్లలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. స్టార్టర్ తిరిగే ఆ రెండు సెకన్లలో వోల్టేజీ బాగా పడిపోతే ఏబీఎస్ కంప్యూటర్ ఒక క్షణం మూగబోతుంది, మిగతావి దాని మీద ఫిర్యాదు రాసేస్తాయి. కోడ్ యు అక్షరంతో మొదలైందంటే ఆ బాపతే. రాత్రంతా బండి ఆగి ఉన్నాక మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. స్టార్ట్ చేసేటప్పుడు ఇంకొకరిని చూడమనండి. 9.6 కంటే కిందకి పడితే బ్యాటరీయో కనెక్షనో బాగాలేదన్నమాట.

ఈ కనెక్షన్ దగ్గరే మన ఊరి సంగతి వస్తుంది. నా బండికి ఇవే లైట్లు వచ్చినప్పుడు బ్యాటరీ మార్చాను. మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలైంది. చివరికి బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రాగి జడలాంటి ఎర్త్ పట్టీ నేనే విప్పాను. పైకి చూస్తే శుభ్రంగానే ఉంది. బోల్టు తీసి వాషర్ ఎత్తితే కింద మైలతుత్తం రంగు పొడి రాలింది, వేలితో రుద్దితే ఇసుకలా గరగరలాడింది. సముద్రపు ఉప్పు. మామూలు రోజుల్లో ఆ సందులోంచి కరెంటు ఎలాగో వెళ్లిపోతుంది. గాలిలో తేమ పెరిగిందంటే తిక్క మొదలు. వైర్ బ్రష్‌తో గీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజెలిన్ రాశాను. ఆరేళ్లైంది, ఆ లైట్ల గుంపు మళ్లీ కనపడలేదు. మీరు విప్పేటట్టైతే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి, చివర్న అదే పెట్టండి. ఆ తర్వాత స్టీరింగ్ లైటు వెలిగినా, అద్దాలు ఒక్క నొక్కుకి పైకి రాకపోయినా కంగారు పడొద్దు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, అద్దం స్విచ్‌ని పైకి కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటాయి.

మీరు రోజూ ఎంత దూరం నడుపుతారు? సీతమ్మధార నుంచి సిరిపురం వెళ్లి రావడమే అయితే బ్యాటరీకి తిండి చాలదు.

సీతమ్మధార నుంచి:

సరిగ్గా పట్టుకున్నారు సార్, ఆఫీసు సిరిపురంలోనే. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. మల్టీమీటర్ కొంటాను. ఇంజిన్ వణుకు గురించి కూడా చెప్పండి. పోయినసారి గ్యారేజీ కాగితం మీద పి0303 అని ఉంది.

ఆటోనగర్ నుంచి:

సార్, నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పి0303 అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా మండట్లేదని. దీనికి పెద్ద ఖర్చు లేకుండా పరీక్ష ఉంది. మూడో సిలిండర్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ తీసి రెండో దానిలో పెట్టండి, రెండో దాన్ని మూడులో పెట్టండి. ఇంజిన్ చల్లబడ్డాకే సార్, వేడి మీద లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. అలాగే నాలుగు రోజులు నడపండి. కోడ్ 0302కి మారిందంటే కాయిల్ పోయినట్టు. 0303 దగ్గరే ఉంటే ప్లగ్గు, అదీ కాకపోతే ఇంజెక్టర్. మీ బండికి ప్లగ్గులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఎలాగూ మార్చేయండి. టర్బో ఇంజిన్‌కి మామూలుగా 60,000 దగ్గర మార్చేస్తాం.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికెళ్లొచ్చు. టపటప కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. వేలల్లో పోయేది లక్షల్లోకి పోద్ది.

ఇంకోటి. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపలికి గట్టిగా పీల్చి పట్టుకుని ఈల వేసిందంటే ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇంజిన్‌కే పంపే పీసీవీ వాల్వ్‌లో రబ్బరు పొర చిరిగినట్టు. అది చిరిగినా పొద్దున వణుకుద్ది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని చెప్పే పి0171 కోడ్ కూడా వస్తుంది.

కోడ్ తుడవడం గురించి ఎండాడ సార్ చెప్పింది నిజం. మా వాళ్ల తప్పుంది, కాదనను. కానీ సాయంత్రం ఆరింటికి వచ్చి "లైటు పోతే చాలు, తొందరగా ఇచ్చేయ్" అనేవాళ్లు రోజుకి నలుగురుంటారు సార్. మీరు వెళ్లినప్పుడు తుడిచే ముందు కోడ్‌నీ, దానితో పాటు వచ్చే ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ ఫోటో తీసుకుంటానని చెప్పండి. తప్పు జరిగిన క్షణానికి ఇంజిన్ వేడి ఎంత, స్పీడెంత, లోడెంత అన్నీ అందులో ఉంటాయి. మాకూ సగం పని తగ్గుద్ది.

పార్టుల విషయం. డబ్బా మీద కార్ల కంపెనీ గుర్తే ఉండాలని లేదు. బాష్, మాహ్లే, కాంటినెంటల్ లాంటివాళ్లే ఆ కంపెనీలకు సరుకు ఇస్తారు. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ చెప్పి పార్ట్ నంబరు కలిపి చూసుకుని తీసుకోండి. పేరు లేని చౌక సెన్సార్ వేస్తే మళ్లీ నా దగ్గరకే వస్తారు.

ఎంవీపీ కాలనీ నుంచి:

అన్నయ్యా, నాదీ 2015 యూరోపియన్ సెడానే, రోజూ స్టీల్‌ప్లాంట్ దాకా నేనే నడుపుతాను. వానకీ మీ లైట్లకీ సంబంధం ఉందంటున్నారు కాబట్టి, సన్‌రూఫ్ ఉంటే దాని నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలుంటాయి, అవి చూడండి. మా వీధిలో కానుగ చెట్లు. ఎండాకాలం వచ్చేసరికి ఆ పూలు మూరెడు మందం రాలతాయి, తడిసి ముద్దయి ఆ గొట్టాల్లో కూరుకుపోతాయి. చిన్న గ్లాసుతో ముందువైపు ఒక మూలలో నీళ్లు పోస్తే కింద ముందు చక్రం దగ్గర బయటికి రావాలి. రాకపోతే నీళ్లు లోపలికే పోతున్నాయి. నాకు పక్కసీటు కార్పెట్ పైకి పొడిగానే ఉండేది. న్యూస్‌పేపర్ పెట్టి కాలితో తొక్కితే తడి మరక పైకి తేలింది. ఆ కార్పెట్ ఫోమ్ కింద ఒక కంప్యూటర్ పెట్టె ఉందని అప్పుడే తెలిసింది. గట్టి ఇనుప తీగ పెట్టకండి, కంప్రెసర్ గాలీ కొట్టకండి, లోపల గొట్టం ఊడిపోతుంది. గడ్డి కోసే మెషిన్‌కి వాడే నైలాన్ తీగ చాలు. వైపర్ల కింద జల్లెడ దగ్గర ఆకులు కూడా తీసేయండి.

టైరు లైటుకి చల్లటి టైర్లలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీదున్న లెక్కకి గాలి పట్టించి, మెనూలో రీసెట్ కొట్టండి. గాలి పట్టించి రీసెట్ మర్చిపోతే చాలా బండ్లలో అది పాత లెక్కనే పట్టుకుని అరుస్తూ ఉంటుంది.

నేను గ్లవ్ బాక్స్‌లో చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. లైటు వస్తే తేదీ, కిలోమీటర్లు, వాన పడిందా, ఇంజిన్ వేడా చల్లనా, ఎక్కడ వచ్చింది, ఇంతే. నాలుగు పేజీలు నిండేసరికి మెకానిక్ అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబు ఉంది.

సీతమ్మధార నుంచి, మూడు వారాల తర్వాత:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఒక్కొక్కటిగా చెప్తాను.

పొద్దున బ్యాటరీ 12.1 చూపించింది. స్టార్ట్ చేస్తుంటే మా అబ్బాయి మీటర్ చూశాడు, 9.1కి పడింది. ఎర్త్ పట్టీ విప్పాం. ఎండాడ సార్ చెప్పినంత పొడి లేదు గానీ వాషర్ కింద సగం పచ్చగా మారిపోయింది. శుభ్రం చేసి బిగించాం. బ్యాటరీ కూడా పాతదే, అదే రకం, అంటే యాసిడ్‌ని గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే ఏజీఎం బ్యాటరీ కొత్తది వేయించి, బండి కంప్యూటర్లో నమోదు చేయించాను. ఆదివారం ఆనందపురం దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాం. ఆ తర్వాత రెండుసార్లు గట్టి వాన పడింది. ఆ లైట్లు రాలేదు.

సన్‌రూఫ్ ఎడమవైపు గొట్టం పూర్తిగా మూసుకుపోయి ఉంది. నైలాన్ తీగతో పొడిస్తే నల్లటి ముద్ద వచ్చింది. కార్పెట్ తడి లేదు, సమయానికి చూశాం.

కాయిల్ అటూ ఇటూ మార్చాక అయిదో రోజు 0302 వచ్చింది. అంటే కాయిలే. ఆయిల్ మూత మామూలుగానే వచ్చింది, ఈల లేదు.

కూలెంట్ గీత నుంచి పదిహేను రోజుల్లో వేలెడు దిగింది. ప్రెషర్ టెస్ట్‌లో థర్మోస్టాట్ హౌసింగ్ అతుకు దగ్గర కారడం కనిపించింది, చుట్టూ గులాబీ పొక్కు. పార్ట్ ఆర్డర్ పెట్టాను, వచ్చే వారం వస్తుంది. పార్కింగ్ సెన్సార్ ఇంకా వానకి కూస్తూనే ఉంది. దాన్ని తుడుచుకుని నడుపుకుంటాను, దానికి డబ్బు పెట్టను.

మా ఆవిడ ఇప్పుడు అమ్మే మాట ఎత్తట్లేదు, నోట్‌బుక్ ఆవిడే రాస్తోంది. రెండు సందేహాలు. కాయిల్ ఒకటి మార్చాలా, నాలుగూ మార్చాలా? హౌసింగ్ విప్పినప్పుడు ఇంకేమైనా చూడాలా?

ఎండాడ నుంచి:

కాయిల్ ఒకటి చాలు, ప్లగ్గులు మాత్రం నాలుగూ మార్చండి. ఇంకో కాయిల్ కొని డిక్కీలో ఉంచుకోండి, దారిలో పోతే పది నిమిషాల పని. హౌసింగ్ కోసం సిలిండర్లకు గాలి పంపే ఇంటేక్ మానిఫోల్డ్ విప్పాల్సి వస్తే వాల్వుల మీద మసి ఎంతుందో ఫోటో తీయమనండి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది, ఆ వాల్వులను తడపదు. అందుకే పెట్రోలు ట్యాంకులో పోసే సీసా మందులు అక్కడి మసిని ముట్టుకోలేవు. మందంగా ఉంటే వాల్‌నట్ పెంకుల పొడి గాలితో కొట్టి తీస్తారు. మానిఫోల్డ్ విప్పిన కూలీ ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి ఆ పని అప్పుడే చేయించేయండి, రెండోసారి ఇవ్వక్కర్లేదు. కొత్త హౌసింగ్‌తో పాటు రబ్బరు సీళ్లు కూడా కొత్తవే వేయించండి, పాతవి తుడిచి పెడతామంటే ఒప్పుకోకండి.

ఆ పార్ట్ వచ్చేవరకు రోజూ పొద్దున గీత చూసుకోండి. సింహాచలం ఘాట్ వైపు మాత్రం వెళ్లకండి.