ఇంగ్లిష్ మీదుగా వచ్చిన కవితను అనువాదం అనొచ్చా?

కృష్ణలంక పాఠకుడు (విజయవాడ):

ఈ జనవరిలో పుస్తక మహోత్సవంలో పారశీక కవితల తెలుగు పుస్తకం ఒకటి కొన్నాను. రెండు రాత్రుల్లో చదివేశాను. అంత నచ్చింది. తర్వాత ముందుమాట తిరగేస్తే తెలిసింది, అనువాదకుడికి పారశీకం రాదు, ఇంగ్లిష్ పుస్తకం చూసి రాశాడు. అట్ట మీద పారశీక కవి పేరుంది. మధ్యలో ఇంగ్లిష్ చేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. మోసపోయినట్టు అనిపించింది.

కథలూ నవలలూ అలా వచ్చినా కొంత నిలుస్తాయి. కవిత నిలవదు. దాన్ని అనువాదం అనకూడదని నా వాదన.

మనకు ఆదిభట్ల నారాయణదాసుగారు ఉన్నారు. 1864లో పుట్టి 1945లో పోయారు. గజ్జె కట్టి హరికథ చెప్పిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం. విజయనగరం సంగీత పాఠశాలకు 1919లో మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. కానీ ఆయన పారశీకం, అరబ్బీ కూడా నేర్చారు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను, అంటే నాలుగు పాదాల పద్యాలను, ఫిట్జెరాల్డ్ అనే ఇంగ్లిష్ కవి చేసిన అనువాదంలో చదివి ఊరుకోలేదు. పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ పద్యాలనూ విడివిడిగా తీసుకుని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1932లో అచ్చయింది. మూలానికీ ఇంగ్లిష్‌కీ ఎంత దూరం ఉందో అందరికీ కనిపించాలని అంత కష్టపడ్డారు. ఆ రోజుల్లో ఆయన చేసింది ఇప్పుడెందుకు చేయలేం?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

బాబూ, దాసుగారి మీద నాకూ నీకున్నంత గౌరవం ఉంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. కానీ ఆ 1932 పుస్తకాన్ని ఎంతమంది చదివారు? అచ్చతెలుగు అంటే సంస్కృతం మాట ఒక్కటీ రాకూడదు. ఆ నియమం పెట్టుకున్నాక ఆయన తెలుగుకే మళ్లీ అర్థాలు చెప్పాల్సి వచ్చింది. నేను క్లాసులో చదివితే పిల్లలు నా ముఖం చూసేవారు.

ఫిట్జెరాల్డ్ 1859లో 75 పద్యాలు వేశాడు. వాటిలో రెండు మూడు రుబాయీలు కలిపి ఒకటిగా అల్లినవి ఉన్నాయి. అంత చనువు తీసుకున్నాడు కాబట్టే ఖయ్యాం లోకమంతా తిరిగాడు. టాగూరు సంగతి చూడు. తన పాటల్ని తానే ఇంగ్లిష్ వచనం చేశాడు. 1912లో వచ్చిన ఆ ఇంగ్లిష్ గీతాంజలిలోని 103 కవితల్లో బెంగాలీ గీతాంజలి నుంచి తీసుకున్నవి దాదాపు సగమే. 1913లో నోబెల్ వచ్చింది ఆ ఇంగ్లిష్ పుస్తకాన్ని చూసే. దాన్ని పట్టుకునే తెలుగులోకి ఎన్నో గీతాంజలులు వచ్చాయి. అవి చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లను నేనెరుగుదును. అదంతా అనువాదం కాదంటే ఎలా? నెరూడా కావాలంటే స్పానిష్, రిల్కే కావాలంటే జర్మన్ నేర్చుకున్న తెలుగు కవి కోసం కూర్చోవాలా?

ఆనందపేట అమ్మాయి (గుంటూరు):

మాస్టారూ, నమస్కారం. మా ఇంట్లో ఉర్దూ, నేను చదివింది తెలుగు మీడియం. మా నానా, అంటే అమ్మ వాళ్ల నాన్న, పారశీకం కూడా కొంత చదువుకున్నారు. ఆయన దగ్గర విన్నది చెబుతాను.

పారశీకంలో అతను, ఆమె అన్న తేడా లేదు. ఇద్దరికీ ‘ఊ’ అన్న ఒక్క మాటే. కవి ఎదురుచూసేది ప్రియురాలి కోసమా, గురువు కోసమా, దేవుడి కోసమా? తేల్చకుండా వదిలేయడంలోనే ఆ కవిత ప్రాణం ఉంది. ఇంగ్లిష్‌లో మామూలుగా హీ అనో షీ అనో రాయాల్సి వస్తుంది. అది చూసి మనవాళ్లు ‘ఆమె వచ్చింది’ అని రాసేస్తారు. తెలుగులో ‘వచ్చారు’ అంటే సరిపోయేది కదా, ఆడో మగో తెలియదు. మన భాషలో అంత చక్కటి వీలుంది. కానీ మూలం చూడని అనువాదకుడికి ఆ అవసరం ఉందనే తెలియదు.

ఇంకొకటి. ఉర్దూ, పారశీకం వాక్యాలు మామూలుగా మనలాగే క్రియతో ముగుస్తాయి. గజల్లో పాదం చివర మళ్లీ మళ్లీ వచ్చే రదీఫ్ తెలుగులో సులువుగా కుదురుతుంది. ఇంగ్లిష్‌లో వాక్యం తిరగబడుతుంది. దాన్ని చూసి రాసేవాళ్లు ఆ తిరగబడ్డ వాక్యాన్నే మనకిస్తారు.

ఒకసారి పరీక్షగా ఒక ఉర్దూ షేర్‌ను, అంటే రెండు పాదాల పద్యాన్ని, ఇంగ్లిష్ అనువాదం చూసి తెలుగు చేశాను. నానాకు చదివి వినిపిస్తే ‘బాగుంది, ఎవరిది?’ అన్నారు. ఆయనకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన షేర్ అది. నాకు ఆ రోజంతా బాధగానే ఉంది.

ఏలూరు రోడ్డు పుస్తకాల మనిషి (విజయవాడ):

అచ్చు పని తెలిసినవాణ్ణి కాబట్టి ఒక్క విషయం. ఇంగ్లిష్ అనువాదానికి విడిగా కాపీరైట్ ఉంటుంది. మన చట్టం ప్రకారం ఆ అనువాదకుడు పోయాక 60 ఏళ్ల దాకా. పేరు వేస్తే అనుమతి పత్రం ఏదని అడుగుతారన్న టెన్షన్. అందుకే కొందరు ఆ పేరు దాచేస్తారు. మూలకవి పోయి వందల ఏళ్లయింది, ఇంకేం ఇబ్బంది లేదనుకుంటారు. అది తప్పు.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మాయీ, ‘వచ్చారు’ సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా అది అనువాదమే కాదన్న మాటకు మాత్రం ఒప్పుకోను. మీ నానాలాంటివాళ్లు పక్కన కూర్చుని మాట మాటా విడమరిచి చెబితే, తెలుగు బాగా వచ్చిన కవి రాయొచ్చు. భాష తెలిసినవాళ్లూ కవులూ ఒకే గదిలో కూర్చోవడం మన ఊళ్లో అంత కష్టమా?

కృష్ణలంక పాఠకుడు:

మాస్టారూ, అనువాదం అనకూడదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దాసుగారిని మాత్రం వదలను. ఆయన తెలుగు కష్టంగానే ఉండొచ్చు, ఏది ఖయ్యాంది, ఏది ఫిట్జెరాల్డ్‌ది అన్నది ఆయన దాచలేదు. నాకు కావాల్సింది అదే. అట్ట మీద ‘ఇంగ్లిష్ నుంచి’ అని ఒక్క ముక్క, ఆ ఇంగ్లిష్ మనిషి పేరు. నేను కొన్న పుస్తకం వేసినవాళ్లకు ఈ రాత్రే ఉత్తరం రాస్తున్నాను.

ఆనందపేట చెల్లాయ్, ఆ షేర్‌ను ఈసారి ఉర్దూ నుంచే తెలుగు చేసి ఇక్కడ పెట్టండి. ముందు నానాకు వినిపించండి.