సమస్య: "ఉప్పు కలపకుండ నుప్పు పెరిగె"

కడప, నిర్వహణ:
ఈసారి ఇచ్చింది ఆటవెలది పద్యం నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. పద్యం కింద లెక్క కూడా రాయాలి. 5 శాతం ఉప్పునీళ్లు 40 కిలోలు ఉన్నాయి, 8 శాతం కావాలి. లెక్కల్ని పద్యంలో చెప్పడం మనకు కొత్తేం కాదు, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఎప్పుడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

గుత్తి అక్క:
కాగ కాగ నీరు గాలిలో గలిసెను
ఉప్పు మాత్ర మందె యుండిపోయె
హార మొకటె తగ్గె నా లవ మట్లుండ
నుప్పు కలపకుండ నుప్పు పెరిగె

మొన్న చారు పొయ్యి మీద పెట్టి ఫోన్లో పడ్డాను, వచ్చి చూస్తే గిన్నె లోపల తెల్లటి చార కట్టి చారు సగానికి దిగింది, గరిటెడు నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. దాంతో తట్టింది. ఉప్పు 2 కిలోలు. పోయే నీళ్లు ఎక్స్ అయితే 0.08 × (40 − ఎక్స్) = 2, అంటే 40 − ఎక్స్ = 25. ఎక్స్ = 15.

ఆదోని తమ్ముడు:
పక్క కుండ లోని పది కిలోల జలము
దాని లోన దెచ్చి ధార వోసి
చిటికె డైన నేను చేతితో వేయక
యుప్పు కలపకుండ నుప్పు పెరిగె

పక్క కుండలోవి 20 శాతం ఉప్పునీళ్లు. (2 + 2) / 50, సరిగ్గా 8 శాతం.

కడప:
అక్కా, లవం, హారం పద్యంలో పలికించడం చాలా నచ్చింది. 'గలిసెను, ఉప్పు' దగ్గర మాత్రం విసంధి, అంటే సంధి జరగాల్సిన చోట జరగలేదు. 'గలియంగ / నుప్పు' అనండి, నలం (నాలుగు లఘువులు) పోయి సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) వస్తుంది, అదీ ఇంద్రగణమే.

తమ్ముడూ, గణాలు, యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) బాగున్నాయి, లెక్కా తప్పు కాదు. కానీ ఉప్పు 2 కిలోల నుంచి 4 అయింది కదా, చేత్తో వేయకపోయినా నీళ్లతో పాటు కలిపినట్టే. సమీకరణం రాసే ముందు ఏది మారలేదో చూడాలి. అక్క దాంట్లో ఉప్పు మారలేదు. నీ దాంట్లో ఉప్పూ మారింది, నీళ్లూ మారాయి.

ఆదోని తమ్ముడు:
నిజమే అన్నా, శాతం ఒకటే వచ్చేసరికి సరిపోయిందనుకున్నా. ఇది చూడండి.

మండు టెండ లోన మా మేడ పై తొట్టి
నీరు పదియు నైదు నింగి కెగసె
పాతికందు రెంటి భాగమ్ము చూడంగ
నుప్పు కలపకుండ నుప్పు పెరిగె

కడప:
ఇప్పుడు ఉప్పు రెండు కిలోలే. పా, భా యతి చెల్లుతుంది. తీసుకుంటున్నా.