ఆశ్వయుజం వస్తానే మొదలయ్యే మన వేషాలు: ఏది ఎట్ల చేయాల?

టవర్‌క్లాక్ (అనంతపురం):

పొద్దున ఆరింటికి తలుపు తీసినప్పుడు ఒక్క చల్లగాలి మొహానికి తగిలితే చాలు, మన ఊళ్ళలో ఎవరు ఏం చేస్తారో పంచాంగం చూడకుండా చెప్పొచ్చు. అది చలి కూడా కాదు, శరదృతువు. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటానే ఉంటుంది. అయినా పాల ప్యాకెట్టుకు పోయే పెద్దాయన నెత్తిన మంకీ క్యాప్ ఎక్కుతుంది. రాత్రి ఫ్యాను ఐదులో తిరుగుతుంటే కింద రగ్గు కప్పుకొని పడుకుంటారు. ఫ్యాను ఆపండంటే దోమలంటారు, రగ్గు తీయండంటే చలంటారు. సందు మొదట్లో ఉడకేసిన బుడ్డల (వేరుశెనగ కాయల) బండి, దాని పక్కన సీతాఫలాల గంప. దసరాకు ప్రొద్దుటూరు పోదామని ఒకరు, విజయదశమి రాత్రి టీవీలో దేవరగట్టు బన్ని (కర్రల సమరం) చూస్తా "ఈసారి ఎంతమందికి తలలు పగిలినాయో" అని ఇంకొకరు. కార్తీకం రాగానే "ఈ సోమవారం మహానందికి పోవాల్సిందే" అని ఇంటిల్లిపాదీ.

ఎగతాళి అట్లుంచితే, వీటిలో నాలుగు పనులు చాలా ఇండ్లలో ఏటా చెడిపోతాయి. బుడ్డలకు ఉప్పు పట్టదు. పెరుగు పేరుకోదు. సీతాఫలాలు పండకుండానే నల్లబడతాయి. కొత్త ప్రమిదలు నూనె తాగి అరుగంతా జిడ్డు చేస్తాయి. తెలిసినోళ్ళు కొలతలతో చెప్పండి. "తగినంత ఉప్పు" అని రాసినోళ్ళకు దండం.

బుడ్డలబండి (కదిరి):

కడప దిక్కు శెనక్కాయలంటారు, ఆ పంచాయితీ ఇక్కడొద్దు.

ముందు కాయ ఎంచుకోవడం. నాలుగు కాయలు ఒలిచి తొక్క లోపలి భాగం చూడండి. తెల్లగా, మెత్తగా ఉంటే ఉడకేయడానికి బాగుంటుంది, గింజ తియ్యగా ఉంటుంది. లోపల గోధుమరంగు, నల్ల మచ్చలు వచ్చుంటే కాయ బాగా ముదిరినట్టు. అది ఎండబెట్టుకోవడానికి, నూనెకు. కదిరి 6 లాంటి రకాలు 100 నుంచి 110 రోజుల పంట కాబట్టి, జూలైలో వేసిన చేను అక్టోబరులో పెరుకుతారు. పచ్చికాయ బజారుకు వచ్చేది అప్పుడే.

కిలో పచ్చికాయకు లీటరున్నర నీళ్ళు, 50 గ్రాముల కల్లుప్పు, అంటే పెద్ద చెంచాతో మూడు. ఐదు లీటర్ల కుక్కర్లో కిలోకు మించి వేయొద్దు. కాయను మూడుసార్లు కడగాల, చేతులతో రుద్ది. మూడోసారికీ నీళ్ళు ఎర్రగా ఉంటే నాలుగోసారి. మట్టి ఉంటే పంటి కింద గరగరలాడేది ఉప్పు కాదు, మీ చేనే. కాయలు పైకి తేలతాయి కాబట్టి మీద చిన్న స్టీలు పళ్ళెం బోర్లించండి. ఒక విజిల్ వచ్చినాక మంట తగ్గించి 15 నిమిషాలు. మామూలు గిన్నెలో అయితే మూతపెట్టి ముక్కాలు గంట.

ఇప్పుడు అసలు తప్పు. ఉప్పు పట్టకపోవడానికి కారణం ఉప్పు తక్కువై కాదు, నీళ్ళు తొందరగా వంపేయడం. ఉడికేటప్పుడు తొక్క లోపల ఆవిరి నిండుకుంటుంది. పొయ్యి ఆపినాక చల్లారేకొద్దీ ఆ ఆవిరి నీరై, ఖాళీ అయిన చోటికి బయటి ఉప్పునీళ్ళు తొక్క గుండా లోపలికి పోతాయి. అంటే ఉప్పు ఎక్కేది మంట మీద కాదు, మంట ఆపినాకే. కాబట్టి అదే నీళ్ళలో గంటసేపు కదిలించకుండా వదిలేయండి. గంట తర్వాత ఒక కాయ నొక్కితే రెండు చుక్కల ఉప్పునీళ్ళు బయటికి చిమ్మాల. చిమ్మకపోతే ఇంకో అరగంట. రుచి చూసి ఉప్పెక్కువైతే మాత్రం వెంటనే వంపేయండి.

ఎండుకాయ అయితే రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో అరగంట పైనే ఉంచాల. ఉడికిన కాయ బయట మరుసటి రోజుకు జిగురొస్తుంది. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పెడితే ఇంకా ముందే. నీళ్ళు వాడ్చి, గుడ్డ మీద ఆరబోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఆగుతుంది.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. పెరికినాక వానకు తడిసి కుప్పలో ఉండిపోయిన కాయకు పచ్చగానో నల్లగానో బూజు పడుతుంది. ఆ బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉడకబెట్టినా పోదు. అట్లాంటి కాయ పారేయాల్సిందే. నోట్లో చేదు తగిలితే మింగొద్దు, ఉమ్మేయండి.

చేమిరి (కర్నూలు):

పెరుగు సంగతి. మే నెలలో ఎట్ల తోడేసినా పేరుకుంటుంది, కాబట్టి ఎండాకాలంలో అందరూ నిపుణులే. తోడులోని సూక్ష్మజీవులకు 40 నుంచి 45 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఇప్పుడు గిన్నెలో పాలు గంటలోనే చల్లారిపోతాయి, అదే తేడా.

చిటికెనవేలు పాలలో పెట్టి పది లెక్కపెట్టండి. వెచ్చగా తెలియాల, కానీ తీసేయాలనిపించకూడదు. అప్పుడు అర లీటరుకు రెండు టీ చెంచాల చేమిరి (తోడు), ఎండాకాలంలో వేసేదానికి రెట్టింపు. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు వేయొద్దు, అరగంట బయట పెట్టి, గిలక్కొట్టి కలపండి. హాట్‌బాక్స్‌లో పెట్టినా సరే, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దింపినా సరే. ఎనిమిది గంటలు. మధ్యలో మూత తీసి, గిన్నె వంచి "పేరుకుందా" అని చూసేవాళ్ళ ఇంట్లో ఎప్పుడూ పేరుకోదు.

తీగలు సాగుతోందంటే పాలు మరీ చల్లారినాక వేసినట్టు, లేదా తోడు పాతది. నీళ్ళు విడిచి పులిసిందంటే పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వేసినట్టు, లేదా ఎక్కువసేపు ఉంచినట్టు.

ఇదే కాలపు ఇంకో వేషం, కొబ్బరినూనె సీసా. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, దాని స్వభావమే అంత. గడ్డకట్టింది కాబట్టి కల్తీ అని ఒక వాట్సాప్ మెసేజీ, గడ్డకట్టింది కాబట్టే స్వచ్ఛమని ఇంకొకటి తిరుగుతుంటాయి. రెండూ నమ్మొద్దు. సీసా వేడినీళ్ళ చెంబులో ఐదు నిమిషాలు పెట్టండి, స్టవ్ మీద మాత్రం కాదు. వెడల్పు మూత డబ్బాలోకి పోసుకుంటే అదీ అక్కర్లేదు, వేలితో తీసుకోవచ్చు.

టవర్‌క్లాక్ (అనంతపురం):

చేమిరి అక్కా, ప్యాకెట్టు పాలకూ ఇదే లెక్కనా?

చేమిరి (కర్నూలు):

అదే లెక్క నాయనా. వెన్న తక్కువ పాలైతే సన్నమంట మీద ఇంకో పది నిమిషాలు మరిగించి చిక్కబరచండి, గట్టిగా వస్తుంది.

దేవునికడప (కడప):

శెనక్కాయలే. సరే, సీతాఫలం.

కన్నులు ఒకదానికొకటి ఎడంగా జరిగి, మధ్య గీతలు లేత పసుపుకు తిరిగినవే తీసుకోండి. కన్నులు దగ్గరదగ్గరగా, గీతలు ముదురు ఆకుపచ్చగా ఉన్నవి ఎన్ని రోజులు పెట్టినా గట్టిపడి ముడుచుకుపోతాయి. కాయను గడ్డిలోనో, పేపర్లో చుట్టి బియ్యంలోనో పెడితే రెండు నుంచి నాలుగు రోజులు. రోజూ ఒకసారి బొటనవేలితో తొడిమ పక్కన మెల్లగా నొక్కండి, అక్కడే ముందు మెత్తబడుతుంది. నల్లబడటానికి ఎక్కువసార్లు కారణం ఫ్రిజ్. పచ్చికాయ ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడి, లోపల పండదు. పండినాక అయితే ఒక రోజు పెట్టుకోవచ్చు.

పాయసం, బాసుంది చేసేవాళ్ళకు: గుజ్జును పాలతో కలిపి మరిగించొద్దు, చేదెక్కుతుంది. పాలు మరిగించి, చక్కెర వేసి, పూర్తిగా చల్లారినాక గుజ్జు కలపండి. గింజలతో సహా మిక్సీలో వేయడం పెద్ద తప్పు. గింజ నలిగితే విషం, ఆ పొడి కంట్లో పడితే మంట, వాపు. జల్లెడలో వేసి గరిటె వెనకతో రుద్దితే గింజలు పైనే మిగులుతాయి.

కొండారెడ్డిబురుజు (కర్నూలు):

ప్రమిదలు. "నానబెట్టి బాగా ఎండబెట్టండి" అని అందరూ చెప్పేది సగమే నిజం. మట్టికి సన్న రంధ్రాలుంటాయి, వాటిలో నీళ్ళుంటే నూనె దూరదు. పూర్తిగా ఎండితే మళ్ళీ ఖాళీ అయి నూనె తాగుతుంది. పొద్దున పదికి నీళ్ళలో వేయండి, బుడగలు రావడం ఆగేదాకా. సాయంత్రం నాలుగుకు తీసి గుడ్డతో తుడిచి గంట నీడలో ఉంచండి. పైతడి ఆరాల, లోతడి ఉండాల. వత్తి కొస అర సెంటీమీటరుకు మించి బయట ఉంటే పొగ, గోడకు మసి.

కార్తీక పున్నమికి 365 వత్తుల కట్ట వెలిగించేవాళ్ళు దాన్ని రాత్రంతా నూనెలోనో నేతిలోనో నానేయండి. పైపైన పోస్తే మధ్యలో పొడిగా ఉండి గుప్పున అంటుకొని పొగలేస్తుంది. చిన్న ప్రమిద చాలదు, వెడల్పు మూకుడు కావాల. పైన తోరణం, పక్కన కర్టెన్ ఉండకూడదు. మంట పెద్దదైతే నీళ్ళు పోయొద్దు, నూనె చిమ్ముతుంది. ఇత్తడి గిన్నె బోర్లించండి.

మహానంది సోమవారం పోతే చూసేది ముందున్నోళ్ళ వీపులే. మంగళవారం పోండి, శివుడు ఊరికి పోడు. తెల్లవారుజామున కోనేటి నీళ్ళు వెచ్చగా అనిపిస్తాయని మళ్ళీ మళ్ళీ మెసేజీ పెట్టేవాళ్ళకు: ఊటనీటి వేడి ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది, చల్లబడింది గాలి.

ఇక ఫ్యాను, రగ్గు. గాలిలో దోమ నిలకడగా ఎగరలేదు కాబట్టి ఫ్యాను అవసరమే, కానీ ఐదు అక్కర్లేదు, మూడు చాలు. మంకీ క్యాప్‌కు మాత్రం మందు లేదప్పా. శివరాత్రికి చలితో పాటు శివశివా అనుకుంటా అదే పోతుంది.