మాత్రల లెక్క 100 శాతం, వైరల్ లోడ్ మాత్రం వెయ్యి పైన... ఏం చేస్తారు?

కొత్త_కౌన్సెలర్
అందరికీ నమస్తే అండి. కోస్తాలో ఒక ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే చోట, ఈమధ్యే కౌన్సెలర్‌గా చేరాను. పద్ధతి మీకు తెలిసిందే, పేషెంట్ తెచ్చిన డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టి, ఇచ్చినవాటిలోంచి తీసేసి, ఈపాటికి వేసుకోవాల్సినన్నిటితో భాగిస్తాం. 30 ఇచ్చాం, 28 రోజులకి వచ్చారు, 5 మిగిలాయంటే 25 వేసుకున్నట్టు, అంటే 89 శాతం. 95 దాటితే బాగున్నట్టు, 80 లోపైతే ప్రమాదం. ఇప్పుడు ఒకావిడకి నెలనెలా కరెక్టుగా రెండే మిగులుతాయి, అంటే 100 శాతం, కానీ మొన్నొచ్చిన వైరల్ లోడ్, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీల లెక్క, 1000 దాటేసింది. అబద్ధం చెప్తున్నావా అని అడగలేను, అడగకూడదు కూడా. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

పాత_కౌన్సెలరమ్మ
చెల్లెమ్మా, డబ్బాలోంచి ఎన్ని బయటికొచ్చాయో తెలుస్తుంది గానీ లోపలికి ఎన్ని వెళ్లాయో ఆ లెక్కకి తెలీదు. నాకైతే ఒకటో రెండో ఎక్కువ మిగిలినవాళ్ల మీద నమ్మకం ఎక్కువ, ఎప్పుడో ఒకరోజు మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది కదా. "రోజూ వేసుకుంటున్నావా" అని అడిగితే "ఆ, వేసుకుంటున్నా మేడమ్" అనే వస్తుంది, ఇంకేం వస్తుంది. "పనుల్లో పడి చాలామందికి మిస్సవుతుంటుందమ్మా, ఈ నాలుగు రోజుల్లో నీకెప్పుడన్నా అయిందా, పోయిన ఆదివారం రాత్రి ఎక్కడున్నావు" అని అడిగి చూడు. పెళ్లికెళ్లామనో, అత్తగారింట్లో ఉన్నామనో, కూలికి వేరే ఊరు వెళ్లామనో అప్పుడు మెల్లగా బయటికొస్తుంది. మందుల కోసం చెప్పిన తేదీకే వస్తోందా, లేటవుతోందా అన్నది కూడా వైట్ కార్డులో, అదే సెంటర్లో ఉండే ఆవిడ రికార్డులో, వెనక్కి తిప్పి చూడు.

ఫార్మసీ_కిటికీ
మేడమ్స్, ఆవిడ్ని అనుమానించేముందు ఇంకేం మందులు వాడుతోందో అడగండి ప్లీజ్. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒకటే మాత్ర, అందులో డోలుటెగ్రవిర్ ఉంది కాబట్టి పరగడుపున ఐరన్ మాత్రో కాల్షియం మాత్రో దాంతోపాటు వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. గ్యాస్‌కి తాగే తెల్లమందు కూడా అంతే. వాటికి రెండు గంటల ముందన్నా, ఆరు గంటల తర్వాతన్నా టీఎల్‌డీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే పన్నెండు గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్ ఇవ్వాలి, అది మిస్సయిందేమో చూడండి. ఇలాంటివాళ్లు ఒక్క పూట కూడా మానకపోయినా వైరల్ లోడ్ పెరగొచ్చు.

లారీ_అన్న
నేను 2009 నుంచి మందులు వాడుతున్నా, అప్పట్లో పొద్దున ఒకటి రాత్రి ఒకటి. మా వైపు నుంచి ఒక మాట చెప్తా. సెంటర్‌కి వచ్చేముందు మిగిలిన మాత్రలు కాలవలో పారేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు, ఎందుకంటే తిడతారని. ఇంకొంతమంది డబ్బా గలగలమంటుందని, లేబుల్ ఎవరన్నా చదువుతారని బీ కాంప్లెక్స్ సీసాలో పోసుకుంటారు, నలుగురున్న ఇంట్లో ఆ సీసా బయటికి తియ్యలేక ఆ పూట మానేస్తారు. ఆవిడ ఇంట్లో ఎంతమందికి తెలుసో ముందు అడగండమ్మా, మాత్ర ఎక్కడ దాచుకుంటోందో అడగండి. వైరల్ లోడ్ కాయితం చూపించి భయపెట్టొద్దు, భయపడితే వచ్చే నెల రావడమే మానేస్తుంది.

పీహెచ్‌డీ_గుంటూరు
రీసెర్చ్‌లో అయితే మూత తీసిన ప్రతిసారీ టైమ్ రాసుకునే ఎలక్ట్రానిక్ మూతలు వాడతారు. ఆ 95 శాతం అంకెకి బాగా పేరొచ్చింది 2000లో వచ్చిన ఒక అమెరికా స్టడీతోనే, అది ప్రోటియేజ్ ఇన్హిబిటర్లనే పాత రకం హెచ్‌ఐవీ మందుల కాలం నాటిది. మూత తీసి మాత్ర వేసుకోకపోయినా అది వేసుకున్నట్టే లెక్క కాబట్టి ఇప్పుడు ఎండబెట్టిన రక్తపు చుక్కలో టెనోఫోవిర్ కొలుస్తున్నారు, అది కొన్ని వారాల సంగతి చెప్తుంది. మామూలు రక్తపరీక్షలో మందు కొలిస్తే చివరి ఒకట్రెండు రోజులే కనిపిస్తాయి, డాక్టర్ దగ్గరికొచ్చేముందు మాత్రం బుద్ధిగా వేసుకునేవాళ్లు అందులో దొరకరు. ఇవన్నీ మన సెంటర్లలో రోజూ చేసే పనులు కావు, మనకున్న గట్టి ఆధారం వైరల్ లోడే.

కొత్త_కౌన్సెలర్
అందరికీ థాంక్యూ అండి. ఆవిడకి రక్తం తక్కువుందని పీహెచ్‌సీలో ఐరన్ రాసినట్టు ఆవిడ దగ్గరుండే గ్రీన్ బుక్కులో (పేషెంట్ పుస్తకంలో) ఉంది, నేను దాన్ని దీంతో కలిపి చూడలేదు. రేపు ఫోన్ చేసి రమ్మంటా, స్టెప్ అప్ కౌన్సెలింగ్ (మందు సరిగ్గా వేసుకునేలా ఇచ్చే అదనపు కౌన్సెలింగ్) మొదలుపెట్టి మూడు నెలలకి మళ్లీ వైరల్ లోడ్ పంపిస్తాం. ఫార్మసీ అన్నా, ఐరన్ అన్నం తిన్నాక టీఎల్‌డీతో కలిపి వేసుకుంటే పర్లేదా?

ఫార్మసీ_కిటికీ
అన్నంతోపాటైతే ఐరన్ గానీ కాల్షియం గానీ కలిపి వేసుకోవచ్చమ్మా. గ్యాస్ మందుకి మాత్రం ఇది వర్తించదు, దానికి గ్యాప్ ఉండాల్సిందే.