హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చెయ్యమంటోంది, లోపల నాన్న హరికథ ఉంది. దయచేసి సాయం చెయ్యండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. సాయంత్రం ఐదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండున్నర. నాది 1 టీబీ హార్డ్‌డిస్క్, చిన్నది, యూఎస్‌బీది. ల్యాప్‌టాప్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమని అడుగుతోంది. నొక్కలేదు. నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్లు మూడు వేశాను. ఒకటి నాలుగు గంటలు తిరిగి 38 శాతం దగ్గర ఆగిపోయింది. ఇంకోటి పెద్ద పెద్ద ఫైళ్లు చూపించింది గాని ఏ ప్లేయర్‌లోనూ బొమ్మ రావడం లేదు. మధ్యమధ్యలో టిక్కు టిక్కుమని చప్పుడు. అందులో మా నాన్నగారి హరికథ ఉంది. డిస్క్ మీద తెల్లకాగితం అంటించి ‘నాన్న, తియ్యకండి’ అని అమ్మ రాసిపెట్టుకుంది. వచ్చే నెల 9న సంవత్సరీకం. ఇంకెక్కడా కాపీ లేదు. టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

నాగావళి (రాయగడ, రిపేరు షాపు):
ముందు డిస్క్ తీసెయ్యండి. టిక్కుమనే డిస్క్ మీద స్కాన్ పెట్టకూడదు.

మహేంద్రతనయ:
తీసేశాను అన్నా. తర్వాత?

వంశధార (గుణుపురం):
బాబూ, తప్పు నీది కాదు. డిస్క్ లోపల ఏముందో కంపెనీలు మనకు చెప్పవు. 2020 ఏప్రిల్‌లో బయటపడ్డ సంగతి గుర్తుందా? వెస్టర్న్ డిజిటల్ వాళ్లు ‘రెడ్’ పేరుతో, రాత్రింబవళ్లు నడిచే స్టోరేజ్ పెట్టెల కోసమని అమ్మిన 2 టీబీ నుంచి 6 టీబీ దాకా మోడళ్లలో కొన్నిటికి ఎస్‌ఎంఆర్ పద్ధతి వాడి, ఆ మాట ఎక్కడా రాయలేదు. వాడేవాళ్లు కూపీ లాగాక జాబితా ఇచ్చారు. సీగేట్, తోషిబా కూడా కొన్ని మోడళ్లలో అదే పని చేశాయని అప్పుడే తేలింది. ఎస్‌ఎంఆర్ అంటే ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు, ఒక ట్రాక్ అంచు మీదికి ఎక్కించి ఇంకో ట్రాక్ రాయడం. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని పైవరసలు కదపక తప్పదు కదా, ఇక్కడా అంతే. ఎడతెరిపి లేకుండా రాస్తే డిస్క్ నత్తనడక పడుతుంది. మా బడిలో సర్వర్‌కి అలాంటి డిస్కే అంటగట్టారు. పిల్లల మార్కులన్నీ అందులో ఉండగా సర్వర్ మొరాయిస్తే రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

నాగావళి:
మాస్టారూ, ఈయనది వేగం సమస్య కాదు.

వంశధార:
తెలుసు. కాని కొనేవాడికి నిజం చెప్పకపోవడం ఏ సమస్యలోనైనా సగం.

నాగావళి:
మహేంద్రతనయ గారూ, అసలు ఆ హరికథ డిస్క్‌లోకి ఎలా వచ్చింది? కెమెరాతో తీశారా?

మహేంద్రతనయ:
టీవీలో వచ్చింది. భక్తి ఛానల్లో ఒక్కసారే వేశారు. సెట్‌టాప్ బాక్స్‌కి డిస్క్ పెట్టి రికార్డు చేశాం. మొన్న వానల్లో పిడుగు పడ్డ రోజు ఆ బాక్స్ పోయింది, కొత్తది తెచ్చాం. కొత్తదానికి పెట్టినా ఫార్మాటే అడుగుతోంది. ఇది చెప్పలేదా నేను?

నాగావళి:
చెప్పలేదు. అసలు సంగతంతా ఇదే. బాక్స్ డిస్క్‌ని తన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది. విండోస్‌కి అది అర్థం కాక ఖాళీ డిస్క్ అనుకుంటుంది. దానికి తోడు రికార్డింగ్‌కి తాళం ఉంటుంది, తాళంచెవి పాత బాక్స్ చిప్‌లో ఉంటుంది. అదే కంపెనీ కొత్త బాక్స్ ఇచ్చినా తెరుచుకోదు. మీకు ఫైళ్లు కనబడి బొమ్మ రాకపోవడానికి కారణం అదే. పాత బాక్స్ పారేశారా?

వంశధార:
తాళం అనకండి, పాఠకులు పొరబడతారు. పాస్‌వర్డ్ పెడితే తాళం. ఇది గుప్తీకరణ, లోపలి డేటానే మార్చేస్తుంది.

జయపురం వకీలు:
చట్టంలో దానికి సాంకేతిక రక్షణ చర్య అని పేరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో దాన్ని ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు. ఉద్దేశం అన్న మాట గమనించండి. సొంతానికి చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే ప్రసార హక్కుకు భంగం కాదని 39వ సెక్షన్ చెబుతోంది. పైగా తన ప్రదర్శన మీద మీ నాన్నగారికి 50 ఏళ్ల హక్కు, ఛానల్‌కి తన ప్రసారం మీద 25 ఏళ్లే. తేదీ రాసి ఛానల్‌ని కాపీ అడగండి బాబూ. మొహమాటపడకండి.

వంశధార:
వకీలుగారూ, రక్షణ పేరుతో వాళ్లు చేసిందీ చూడాలి. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీల్లో కాపీని ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది కంప్యూటర్‌లోకి ఎక్కి కంటికి కనబడకుండా దాక్కునేది. మార్క్ రస్సినోవిచ్ అనే కంప్యూటర్ నిపుణుడు బయటపెట్టాక సీడీలు వెనక్కి తీసుకున్నారు. డబ్బు పెట్టి కొన్నవాడినే దొంగలా చూశారు.

నాగావళి:
మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. మాట సంగతికి వస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి మనిషి అడుగుతున్నాడు. షాపుకొచ్చేవాళ్లు తాళం అంటారు, నేనూ తాళమే అంటాను. ముందు పాత బాక్స్ సంగతి తేలాలి.

మహేంద్రతనయ:
అటక మీద ఉంది. లైటు కూడా వెలగదు. విశాఖలో రికవరీ ల్యాబ్‌కి పంపనా?

నాగావళి:
ఇప్పుడే వద్దు. ల్యాబ్‌వాళ్లు డిస్క్ బాగుచేసినా తాళం వేసిన ఫైళ్లే చేతికిస్తారు, డబ్బు పోతుంది. బాక్స్‌కి ముందు అడాప్టర్ మార్చి చూడండి. పిడుగుకి చాలాసార్లు పోయేది అదే. బాక్స్ వెనక రాసి ఉన్న వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి.

డిస్క్‌కి పొట్టి వైరు, విడిగా కరెంటు పెట్టుకునే యూఎస్‌బీ హబ్ వాడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. చాలకపోతే మంచి డిస్క్ కూడా టిక్కుమంటుంది. అప్పటికీ చప్పుడు వస్తే హెడ్, అంటే డిస్క్‌ని చదివే భాగం, పోయినట్టే, ఇక ఆపేసి ల్యాబ్‌కి పంపండి. చప్పుడు లేకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్క్ నకలు ఇంకో డిస్క్ మీదికి తియ్యండి. అది బాగున్న చోట్లు ముందు చదువుకుని, పాడైనచోటికి చివర్లో వస్తుంది. నకలుని బాక్స్ ఒప్పుకుంటుందన్న గ్యారంటీ లేదు, అయినా చేతిలో ఒకటి ఉండాలి. ఆ తర్వాతే అసలు డిస్క్ పాత బాక్స్‌కి పెట్టండి. ఫార్మాట్ అడిగితే వద్దనండి.

బొమ్మ వస్తే సంవత్సరీకం నాడు ఆ బాక్సే టీవీకి తగిలించండి. హెచ్‌డీఎంఐలో కాపీ రక్షణ ఉంటుంది గాని, మూడు రంగుల ఏవీ వైర్లుంటే తర్వాత రికార్డు చేసుకోవచ్చు.

జయపురం వకీలు:
ఇంటివరకు పర్వాలేదు. యూట్యూబ్‌లో పెట్టాలంటే మాత్రం ఛానల్ అనుమతి తీసుకోండి.

వంశధార:
నాగావళి గారూ, కొనేముందు ఎస్‌ఎంఆర్ అవునో కాదో తెలిసే దారేమైనా ఉందా? మా బడికి మళ్లీ డిస్క్‌లు కొనాలి.

మహేంద్రతనయ (నాలుగు రోజుల తర్వాత):
12 వోల్టుల అడాప్టర్ దొరికింది. బాక్స్‌కి ఎర్రలైటు వచ్చింది. హబ్ ఇంకా రాలేదు, అది వచ్చేదాకా డిస్క్ ముట్టుకోను. థాంక్స్ అన్నా.

జయపురం వకీలు:
ఛానల్‌కి రాశారా? ప్రసారం తేదీ, కార్యక్రమం పేరు ఇక్కడ పెట్టండి, ఉత్తరం నేను రాసిపెడతాను.