అప్‌డేట్: అలారం ప్యానెల్ ఆఫ్‌లైన్ గొడవ తీరింది

లాన్ కేబుల్ (నెట్‌వర్క్ వైరు) పెట్టినా అలారం ప్యానెల్ (సెక్యూరిటీ అలారాన్ని నడిపే పెట్టె) మాటిమాటికీ ఆఫ్‌లైన్ అవుతోందని అడిగాను కదా, కారణం దొరికింది. తప్పు కేబుల్‌ది కాదు, నాదే. ప్యానెల్‌లో 192.168.1.50 అని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి విడిగా ఉండాల్సిన నంబరు) నేనే పెట్టాను. రౌటరేమో అదే అడ్రస్‌ని ప్రింటర్‌కి ఇచ్చేస్తోంది. ప్రింటర్ ఆన్ చేస్తే ప్యానెల్ మాయం! మీలో ఒకరు ప్యానెల్ కేబుల్ పీకేసి ఆ అడ్రస్‌కి పింగ్ చేయమన్నారు, అంటే చిన్న సందేశం పంపి జవాబు వస్తుందేమో చూడమన్నారు. పీకాక కూడా జవాబు వచ్చింది, అంటే అదే అడ్రస్ ఇంకోదానికీ ఉందన్నమాట, అప్పుడు వెలిగింది బుర్ర. ప్యానెల్‌ని డీహెచ్‌సీపీకి (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతికి) మార్చి, దాని మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరుకి) రౌటర్‌లో ఒక ఐపీ రిజర్వ్ చేశాను. నాలుగు రోజులైంది, ఒక్కసారీ తెగలేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లని రౌటర్ లోపలి పరికరానికి పంపే సెట్టింగ్) జోలికి పోలేదు, నా ప్యానెలే బయటి సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది. అన్నట్టు, కరెంటు పోతే ప్యానెల్‌కి సొంత బ్యాటరీ ఉంది, రౌటర్‌కి లేదు. దాన్నీ యూపీఎస్‌కి తగిలించాను.