స్పీకర్ల సెటింగ్స్‌లో ‘బేస్’ని మంద్రం అనొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఇంట్లో పెద్దవాళ్లు సొంతంగా సరిచేసుకునేలా హోమ్ థియేటర్ సెటింగ్స్ తెలుగులో రాస్తున్నాను. ‘బేస్’కి మంద్రం అని పెట్టాను. ‘మంద్రం పెంచండి’ అని చదివి, సౌండ్ తగ్గించమనా అని అడిగారు. వేరే మాట ఉందా? అలాగే స్పీకర్‌కి ‘లార్జ్, స్మాల్’ అనే సెటింగ్ ఉంది. పెద్ద, చిన్న అంటే సరిపోతుందా?

జవాబు: మాట సరైనదేనండి, వాడుకే రెండు దారులు పట్టింది. సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయులున్నాయి కదా, అక్కడ మంద్రమంటే కింది స్థాయి. ఎంత గట్టిగా వినిపిస్తోంది అన్నదానితో దానికి పనిలేదు. అమరకోశం నాట్యవర్గంలో ‘మంద్రస్తు గంభీరే తారోఽత్యుచ్చైః’ అని ఉంది. గంభీరమైన ధ్వని మంద్రం, మరీ ఉచ్చమైనది తారం. ఆ ‘ఉచ్చైః’ దగ్గరే ఆగి చూడండి. పై స్థాయిలో అనీ అర్థమే, బిగ్గరగా అనీ అర్థమే. మన వాడుకలోనూ ‘రేడియో మంద్రంగా మోగుతోంది’ అంటే సౌండ్ తగ్గించి పెట్టారనే తీసుకుంటాం. మీ పెద్దవాళ్లు చదివింది కూడా తెలుగేనండి.

అయితే సెటింగ్స్ దగ్గర ఈ రెండర్థాలూ కలిస్తే కష్టం. కింది స్థాయి ధ్వనులు మన చెవికి సహజంగానే తక్కువగా ఆనుతాయి. వాల్యూమ్ తగ్గించేకొద్దీ ముందు మాయమయ్యేవి అవే. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో ప్రచురించిన రేఖాచిత్రాలు చూపింది ఇదే. అంటే, రాత్రిపూట సినిమా మంద్రంగా పెడితే మంద్రం పోతుంది! ఆ వాక్యం మనకి అర్థమైనా, రిమోట్ చేతిలో పట్టుకున్నవాళ్లకి అర్థం కాదు. కాబట్టి మొదటిసారి ‘బేస్, అంటే మంద్రస్థాయి ధ్వని’ అని చెప్పేసి, అక్కణ్ణించి ‘బేస్’ అనే రాయండి. ‘స్థాయి’ చేరిస్తే సందేహం ఉండదు. ‘బాస్’ అని మాత్రం వద్దు, ఆఫీసు గుర్తొస్తుంది.

పెద్ద, చిన్న అస్సలు వద్దండి. అవి స్పీకర్ కొలతలు కావు. స్మాల్ పెట్టడమంటే ‘ఈ స్పీకర్‌కి బేస్ ఇవ్వకు, సబ్‌వూఫర్‌కి (బేస్ కోసమే ఉన్న పెట్టెకి) పంపు’ అని రిసీవర్‌కి, అంటే స్పీకర్లన్నిటికీ ధ్వని పంచే పెట్టెకి, చెప్పడం. లార్జ్ అంటే ‘అంతా ఇక్కడికే పంపు’ అని. నడుమెత్తు టవర్ స్పీకర్లు కొనుక్కున్న మనిషికి వాటిని చిన్న అనడానికి మనసొప్పదు. లార్జ్ పెట్టేస్తాడు. సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో టవర్లకైనా చాలాసార్లు స్మాలే మేలు. ఆ పేరు వల్లే ఎంతోమంది సెటింగ్ తప్పుతున్నారు, మనం తెలుగులోకి తెచ్చి ఆ తప్పుని ఇంకా గట్టిపరచడం ఎందుకు? ‘స్మాల్: బేస్ సబ్‌వూఫర్‌కి’, ‘లార్జ్: బేస్ ఈ స్పీకర్‌కే’ అని రాయండి.

ఆ పంపకం ఎక్కడ జరగాలో చెప్పేది క్రాసోవర్. దానికి ‘హద్దు’ చక్కగా సరిపోతుంది. సినిమా ధ్వనికి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ సంస్థ సూచించే 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టమనండి. అంతకన్నా కింది ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో చెవి దాదాపుగా పోల్చుకోలేదు. అందుకే సబ్‌వూఫర్ మూలనున్నా చప్పుడు తెర మీంచే వచ్చినట్టుంటుంది. అరచేతిలో పట్టేంత స్పీకర్లయితే హద్దు ఇంకా పైకి జరపాలి. ఇంకొకటి తప్పకుండా రాయండి: రిసీవర్‌లో హద్దు పెట్టాక, సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ మీటని ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పేయాలి. లేకపోతే అదే ధ్వనిని రిసీవరూ సబ్‌వూఫరూ రెండూ కోస్తాయి, మధ్యలో బేస్ పలచబడుతుంది.

మరొకరు: మాది మృదంగం వాయించే ఇల్లు. ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వ ముద్ద అద్దగానే నాదం కిందికి దిగి గుంకీ పలుకుతుంది. బేస్‌ని ‘గుంకీ’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: వినడానికి ఎంత బాగుందో! కానీ గుంకీలో నాదం జారుతుంది, అది ఒక పలుకు. సినిమాలో పిడుగుకీ విమానం మోతకీ ఆ పేరు అతకదు. గుంకీని మృదంగం దగ్గరే ఉంచుదామండి.

మీ మాటతో నాకింకో సంగతి తోచింది. బేస్ బాగోలేనప్పుడు చెప్పడానికి మనకి మంచి మాటలున్నాయి. 4 మీటర్ల పొడవున్న గదిలో సుమారు 43 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య నిలిచిపోయి, ఆ ఒక్క స్వరానికే గదంతా గుయ్యిమంటుంది. జనం ‘బేస్ ఎక్కువైంది’ అని తగ్గించేస్తారు, దాంతో మిగతా బేస్ కూడా పోతుంది. దాన్ని ‘హోరు’ అని విడిగా చెప్పండి. హోరుకి మందు మీట తిప్పడం కాదు, చోటు మార్చడం. సబ్‌వూఫర్‌ని తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంట వంగి నడవండి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోట దాన్ని పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: ‘హద్దు’, ‘హోరు’ రెండూ తీసుకుంటున్నానండి. చివరగా సబ్‌వూఫర్‌కుండే ఫేజ్ స్విచ్‌కి ఏం పేరు పెట్టను?

జవాబు: పేరు పెట్టకండి. ‘0, 180 అని రెండంకెలున్న స్విచ్. కూర్చునే చోట ఒకరుండి వింటుంటే ఇంకొకరు మార్చాలి. బేస్ నిండుగా వినిపించిన వైపు వదిలేయండి’ అని రాస్తే చాలు.